ఎం.ఆర్.ఐ. నార్మల్, సైనస్ నార్మల్, చూపు 6/6. అయినా సాయంత్రానికి తలపోటు. చెన్నైలో ఎవరికి చూపించాలి?

వేళచ్చేరి_నెల్లూరమ్మాయి:

అందరికీ నమస్కారం. మాది నెల్లూరు. పెళ్ళయ్యాక వేళచ్చేరిలో ఉంటున్నాం. పెరుంగుడిలో మెడికల్ బిల్లింగ్ ఆఫీసులో పని చేస్తాను. నా ముందు రెండు మానిటర్లు. ఎడమ పక్కన పేషెంటు రికార్డు, కుడి పక్కన కోడ్‌లు వేసే స్క్రీన్. బల్ల మీద కాగితాలు కూడా ఉంటాయి. రోజంతా ఈ మూడింటి మధ్యే చూపు తిరుగుతూ ఉండాలి.

పొద్దున లేవగానే తలనొప్పి ఉండదు. మధ్యాహ్నం అన్నం తిన్నాక ఎడమ కనుబొమ పైన సన్నగా మొదలవుతుంది. నాలుగయ్యేసరికి కణతలకు పాకి, మెడ వెనక పట్టేస్తుంది. ఇంటికొచ్చి వంట చేయాలంటే ప్రాణం మీదికి వస్తోంది. ఆదివారాలు దాదాపు రాదు. కానీ ఆదివారం పుస్తకం పట్టుకుని కూర్చుంటే మాత్రం వచ్చేస్తుంది.

ఈఎన్‌టీ డాక్టరు గారు సైనస్ చూసి ఏమీ లేదన్నారు. న్యూరాలజిస్టు ఎం.ఆర్.ఐ. తీయించారు, శుభ్రంగా ఉంది. మైగ్రేన్ మాత్రలు వాడితే మత్తు తప్ప ఉపయోగం కనిపించలేదు. నాకు వాంతి రాదు, వెలుతురు పెద్దగా ఇబ్బంది పెట్టదు. చివరికి ఆఫీసు టెన్షన్ అని తేల్చారు. మా అత్తయ్యగారు శొంఠి పట్టు వేస్తారు. వేసినంతసేపు హాయిగా ఉంటుంది.

నా పవర్ కుడి మైనస్ 1, ఎడమ మైనస్ 4. సంక్రాంతికి అద్దాలు మార్చాను, ఈసారి పెద్ద ఫ్రేమ్ తీసుకున్నాను. తలనొప్పి అంతకుముందూ ఉండేది, ఆ తర్వాత ఎక్కువైంది.

కొన్ని చిన్న విషయాలు కూడా చెప్తాను, పనికొస్తాయేమో. చదువుతుంటే ఒక వరసలోంచి కింది వరసలోకి జారిపోతాను. ఎడమ కన్ను చేత్తో మూసుకుంటే చదవడం తేలికవుతుంది. వేళచ్చేరి స్టేషన్ మెట్లు దిగేటప్పుడు చివరి మెట్టు ఎక్కడుందో అంచనా తప్పుతుంది, రెయిలింగ్ పట్టుకునే దిగుతాను. పెళ్ళిళ్ళకు కాంటాక్ట్ లెన్స్ పెట్టుకుంటాను, ఆ రోజుల్లో తలనొప్పి తక్కువ. మా పెళ్ళి ఆల్బమ్‌లో సగం ఫోటోల్లో నా తల కుడి భుజం వైపు వంగి ఉంటుంది.

కళ్ళు రెండూ సరిగ్గా కలవకపోయినా తలనొప్పి వస్తుందని మా ఆడపడుచు ఎక్కడో విందట. నాకు మెల్లకన్ను లేదు, అద్దంలో చూసుకుంటే రెండూ తిన్నగానే ఉంటాయి. అలాంటప్పుడు ఇది సాధ్యమేనా? ఏ డాక్టరు దగ్గరికి వెళ్ళి, ఏమని అడగాలి?

కంటిపరీక్ష_గూడూరు:

నమస్తే అండీ. నేను గూడూరు నుంచి వచ్చి చెన్నైలోనే ఆప్టోమెట్రిస్టుగా, అంటే కళ్ళు పరీక్షించి అద్దాల పవర్ తేల్చే పని చేస్తున్నాను. సాధ్యమేనండీ. మీరు చివర్లో చిన్న విషయాలు అంటూ రాసినవే నాకు అన్నిటికంటే ముఖ్యంగా కనిపించాయి.

6/6 పరీక్ష ఎలా చేస్తారో గుర్తు చేసుకోండి. ఒక కన్ను మూసి రెండో దానితో చదివిస్తారు, తర్వాత మార్చి చదివిస్తారు. రెండు కళ్ళూ కలిసి ఎలా పని చేస్తున్నాయో అందులో తెలియదు. ఒకే కాడికి కట్టిన రెండు ఎద్దుల్ని విడివిడిగా నడిపించి చూసి, జోడీ బాగుందని చెప్పలేం కదా.

ఒక్కో కంటిని తిప్పడానికి ఆరు కండరాలు ఉన్నాయి. రెండు కళ్ళలోని బొమ్మల్నీ మెదడు ఒకటి చేయాలంటే ఈ పన్నెండూ పొందికగా ఉండాలి. కొందరిలో ఒక కన్ను కొద్దిగా పక్కకో, పైకో జారాలని చూస్తూ ఉంటుంది. రెండు కళ్ళూ తెరిచి ఉన్నంతసేపూ మెదడు దాన్ని లాగి పట్టుకుంటుంది. అందుకే అద్దంలో తిన్నగా కనిపిస్తాయి. దీన్ని మేం ఫోరియా అంటాం, అంటే దాగి ఉన్న మెల్ల. కొద్దిపాటి ఫోరియా చాలామందికి ఉంటుంది, ఏ బాధా పెట్టదు. అది మెదడు పట్టుకోగలిగిన హద్దుకు దగ్గరైనప్పుడు, పైగా రోజంతా దగ్గరి పని ఉన్నప్పుడు, కనుబొమల దగ్గర నొప్పి, వరసలు తప్పడం, ఒక కన్ను మూస్తే హాయిగా ఉండడం వంటివి కనిపిస్తాయి.

దీన్ని బయటపెట్టే పరీక్షకు పెద్ద యంత్రాలేమీ అక్కర్లేదు. పేరు కవర్ టెస్ట్. మీరు దూరంగా ఒక అక్షరాన్ని చూస్తూ ఉంటారు. నల్లటి చిన్న గరిటె లాంటి మూతతో ఒక కన్ను మూస్తాం, తీసి వెంటనే రెండో కన్ను మూస్తాం. మూత కింద జారిపోయిన కన్ను, మూత తీయగానే అక్షరం మీదికి టక్కున తిరిగి వస్తుంది. ఆ కదలిక ఒక మిల్లీమీటరు కూడా ఉండకపోవచ్చు. దానికోసమే చూస్తే తప్ప కనపడదు. తర్వాత ఆ కదలిక ఆగిపోయేదాకా కంటి ముందు ప్రిజంలు, అంటే వెలుగును ఒక పక్కకు వంచే గాజు ముక్కలు, పెంచుతూ పోతాం. ఏ నంబరు దగ్గర ఆగితే అదే కొలత. ఒక ప్రిజం డయాప్టర్ అంటే, మీటరు దూరంలో వెలుగును ఒక సెంటీమీటరు పక్కకు జరిపేంత. ఇదే పరీక్ష దగ్గరి చూపుకు కూడా చేయాలి. మ్యాడాక్స్ రాడ్ అని గీతలు గీతలుగా ఉన్న ఎర్ర గాజు ఒకటి ఉంటుంది. దాన్ని ఒక కంటి ముందు పెట్టి చిన్న లైటు చూపిస్తాం. ఆ కంటికి ఎర్ర గీత, రెండో కంటికి లైటు కనిపిస్తాయి. గీత లైటు మీదుగా పోకుండా పైనో కిందో ఉంటే, ఆ తేడా మీరే చెప్పేస్తారు.

మీ విషయంలో నాకు పక్కవాటు తేడా కంటే పైకీ కిందికీ ఉండే తేడా మీద ఎక్కువ అనుమానం. పక్కవాటు తేడాను మెదడు చాలావరకు సర్దుకుంటుంది. కళ్ళను లోపలికి తిప్పడానికి పది, ఇరవై ప్రిజంల బలం దానికి ఉంటుంది. పైకీ కిందికీ ఉన్న తేడా అలా కాదు, చాలామందిలో రెండు మూడు ప్రిజంలు దాటితే కష్టమే. కంటిని కిందికి తిప్పే ఒక కండరం పుట్టుకతోనే కొంచెం బలహీనంగా ఉన్నవాళ్ళు తల ఒక భుజం వైపు వంచి సర్దుకుపోతారు. వయసు పెరిగేకొద్దీ ఆ సర్దుబాటు సడలవచ్చు, అప్పుడు బాధలు మొదలవుతాయి. అందుకే పాత ఫోటోలు అడుగుతాం. మీ పెళ్ళి ఆల్బమ్, ఉంటే స్కూలు గ్రూప్ ఫోటోలు తీసుకెళ్ళండి. చిన్నప్పటి ఫోటోల్లో కూడా తల అదే వైపు వంగి ఉంటే, ఇది కొత్తగా వచ్చిన జబ్బు కాదని డాక్టరుకు తెలుస్తుంది. దాంతో అనవసరపు భయం, అనవసరపు స్కానింగులు తగ్గుతాయి.

ఇక మీ అద్దాలు. వీటి సంగతి మరీ ముఖ్యం. లెన్స్ మధ్యబిందువు గుండా చూసినప్పుడు వెలుగు వంగదు. పక్కనుంచి చూస్తే అదే లెన్స్ ప్రిజంలా పని చేస్తుంది. లెక్క తేలిక: మధ్యబిందువు నుంచి చూపు ఎన్ని సెంటీమీటర్లు తప్పిందో దాన్ని పవర్‌తో గుణించండి. బల్ల మీద కాగితం చూడటానికి కళ్ళు దించితే చూపు మధ్యబిందువుకు 8 మిల్లీమీటర్ల కిందికి పోయిందనుకుందాం. మీ కుడి కంటికి 0.8 ప్రిజం, ఎడమ కంటికి 3.2. రెండింటికీ తేడా 2.4, అదీ నిలువు దిశలో. చిన్నప్పటి నుంచి రెండు కళ్ళకూ పవర్ తేడా ఉన్నవాళ్ళు కొందరు దీనికి అలవాటు పడిపోతారు, అందరూ పడలేరు. కాంటాక్ట్ లెన్స్ కంటితో పాటే కదులుతుంది కాబట్టి ఈ తేడా ఉండదు. పెళ్ళిళ్ళ రోజుల్లో మీకు హాయిగా ఉండటానికి కారణం ఇదే అయ్యుండొచ్చు. అక్కడ రెండు మానిటర్లు లేకపోవడమూ ఒక కారణమే అనుకోండి.

పెద్ద ఫ్రేముల్లో ఇంకో చిక్కు. రెండు కనుపాపల మధ్య దూరంతో పాటు, ఫ్రేమ్ పెట్టుకున్నాక కనుపాప ఎంత ఎత్తులో వస్తుందో కూడా కొలవాలి. చాలా షాపుల్లో ఈ ఎత్తు కొలత ప్రోగ్రెసివ్ లెన్సులకే (దూరానికీ దగ్గరికీ ఒకే అద్దంలో పవర్ ఉండేవి) తీసుకుంటారు, మామూలు లెన్సులకు వదిలేస్తారు. మైనస్ 4 లెన్స్ మధ్యబిందువు 4 మిల్లీమీటర్లు తప్పితే 1.6 ప్రిజం ఊరికే వచ్చిపడుతుంది. ఈ విషయంలో నాకు నిజంగా బాధేస్తుంది. ఒక స్కేలు, ఒక స్కెచ్ పెన్నుతో రెండు నిమిషాల్లో అయిపోయే పని అది.

ఎక్కడికి వెళ్ళాలంటే, కంటి ఆసుపత్రిలో స్క్వింట్ (మెల్లకన్ను) లేదా బైనాక్యులర్ విజన్ (రెండు కళ్ళూ కలిసి చూసే చూపు) విభాగానికి. నుంగంబాక్కంలో శంకర నేత్రాలయ ఉంది. ఖర్చు గురించి ఆలోచన ఉంటే ఎగ్మూరులో ప్రభుత్వ కంటి ఆసుపత్రి ఉంది. 1819లో మొదలైన ఆసుపత్రి అది, దేశంలోనే పాతది. వెళ్ళాక ఇలా అడగండి: దూరానికీ దగ్గరికీ కవర్ టెస్ట్ కావాలి, నిలువు తేడా కొలవాలి, ఇప్పుడున్న అద్దాల మధ్యబిందువు ఎక్కడుందో గుర్తు పెట్టి చూపించాలి. ఈ పరీక్షలన్నీ కంట్లో చుక్కలు వేయకముందే జరగాలి. చుక్కలు పడ్డాక దగ్గరి చూపు మారిపోతుంది, కొలతలు నమ్మలేం. రిసెప్షన్‌లోనే ఈ మాట చెప్పండి, ఎందుకంటే వరసలో కూర్చోబెట్టి చుక్కలు వేసేయడం చాలాచోట్ల అలవాటు.

తొమ్మిదోక్లాసు_నాన్న:

అమ్మా, మా పాప అనుభవం చెప్తాను. మేం ఆదంబాక్కంలో ఉంటాం. పాప తొమ్మిదో తరగతి. పుస్తకం తీయగానే తలనొప్పి అనేది. చదువు తప్పించుకోవడానికని వాళ్ళ టీచరు, బాగా తినడం లేదని మా అమ్మ. చూపు పరీక్ష చేయిస్తే అద్దాలే అక్కర్లేదన్నారు.

తర్వాత ఒక ఆప్టోమెట్రిస్టు పెన్ను కొసను పాప ముక్కు దగ్గరికి మెల్లగా తెస్తూ, రెండుగా కనిపించినప్పుడు చెప్పమన్నారు. మామూలుగా ముక్కుకు ఐదారు సెంటీమీటర్ల దాకా ఒకటిగానే కనిపించాలట. పాపకు 18 దగ్గరే రెండైపోయింది. పక్కన నిలబడి చూస్తుంటే ఒక కన్ను పక్కకు జారడం నాకే కనిపించింది. దీన్ని కన్వర్జెన్స్ లోపం అంటారు, దగ్గరివి చూసేటప్పుడు కళ్ళు లోపలికి సరిగ్గా కలవకపోవడం.

ఇది అరుదేమీ కాదని తర్వాత చదివాను. తమిళనాడు స్కూలు పిల్లల మీద శంకర నేత్రాలయ పరిశోధకులు చేసిన అధ్యయనంలో, పైకి మెల్ల లేని పిల్లల్లోనే దాదాపు 30 శాతం మందికి రెండు కళ్ళ పొందికలో ఏదో ఒక లోపం కనిపించింది. వాటిలో అన్నిటికంటే ఎక్కువ ఇదే.

చికిత్స వ్యాయామాలే. ఇంట్లో పెన్సిలు చూస్తే చాలని కొందరంటారు. అమెరికాలో 9 నుంచి 17 ఏళ్ళ పిల్లలు 221 మందితో ఒక పెద్ద పరిశోధన చేశారు, 2008లో వచ్చింది. పన్నెండు వారాల తర్వాత చూస్తే, క్లినిక్‌లో వారం వారం చేయించి ఇంట్లో కూడా సాధన చేసినవాళ్ళలో 73 శాతం మందికి నయమవడమో, మెరుగవడమో జరిగింది. ఇంట్లో పెన్సిలు ఒక్కటే చూసినవాళ్ళలో 43 శాతం. అందుకని దూరమైనా మేం క్లినిక్‌కే తీసుకెళ్ళాం.

ఇంట్లో చేయించినది పూసల దారం. గజంన్నర తెల్ల దారానికి ఎరుపు, పసుపు, ఆకుపచ్చ పూసలు మూడు ఉంటాయి. ఒక కొస కిటికీ ఊచకు కట్టి, రెండో కొస పాప ముక్కుకు ఆనించి పట్టుకునేది. మధ్య పూసను చూస్తే దారం రెండుగా కనిపించి, సరిగ్గా ఆ పూస దగ్గరే ఇంటూ గుర్తులా కలవాలి. మొదట్లో పాపకు పూస అవతల కలిసేది. ఒక్కోసారి ఒక దారమే కనిపించేది, అంటే మెదడు ఒక కన్నును పట్టించుకోవడం మానేసిందన్నమాట. తను చెప్పేదాన్ని బట్టి పూస జరిపేవాణ్ణి. విసుక్కునేది, కళ్ళు లాగుతున్నాయనేది. పూస దగ్గరగా తెచ్చినా దారాలు దాని దగ్గరే కలుస్తున్నాయి నాన్నా అన్న రోజు మా ఇంట్లో పండగే. ఇప్పుడు పరీక్షల రోజుల్లో కూడా తలనొప్పి మాట ఎత్తడం లేదు.

మీది పైకీ కిందికీ ఉండే తేడా అయితే ఈ పూసలు పనికొస్తాయో లేదో డాక్టరునే అడగండి.

నైట్‌డ్యూటీ_సిస్టర్:

అక్కా, నేను న్యూరాలజీ వార్డులో నర్సుని, మాది ఒంగోలు. పైన అన్నయ్యలు చెప్పినవి బాగున్నాయి. ఇది చదివే మిగతావాళ్ళ కోసం రెండు ముక్కలు చెప్పాలి.

ఒకటే వస్తువు హఠాత్తుగా రెండుగా కనిపించడం, ఒక రెప్ప వాలిపోవడం, రెండు కనుపాపలు వేరు వేరు సైజుల్లో ఉండటం, జీవితంలో ఎన్నడూ రానంత తీవ్రంగా ఒక్కసారిగా తలనొప్పి రావడం, జ్వరంతో మెడ బిగుసుకుపోవడం, ఒక చెయ్యో కాలో బలం తగ్గడం, ఇలాంటివి ఏవి వచ్చినా కళ్ళజోడు సంగతి ఆలోచించకండి. నేరుగా ఎమర్జెన్సీకి వెళ్ళండి. యాభై దాటినవాళ్ళకు కొత్తగా కణత నొప్పి మొదలై, నమిలేటప్పుడు దవడ నొప్పి పెడుతుంటే అదీ అర్జంటే, చూపు పోయే ప్రమాదం ఉంటుంది. రెప్ప వాలడం, రెండుగా కనపడటం పొద్దున లేకుండా సాయంత్రానికి పెరుగుతుంటే న్యూరాలజిస్టుకు తప్పకుండా చెప్పాలి. అక్కా, మీ ఎం.ఆర్.ఐ. బాగుంది కాబట్టి మీరు కంగారు పడొద్దు.

రెండోది మాత్రలు. మామూలు నొప్పి మాత్రలు నెలలో 15 రోజులు, అంతకు మించి, మూడు నెలల పైన వేసుకుంటే ఆ మాత్రల వల్లే తలనొప్పి రావొచ్చు. రెండు మూడు మందులు కలిసిన మాత్రలకైతే నెలకు 10 రోజులే హద్దు. మా వార్డుకు వచ్చేవాళ్ళలో ఇది ఎంతమందిలో చూస్తానో. ఎన్ని వేసుకుంటున్నారో దాచకుండా డాక్టరుకు చెప్పండి.

కళ్ళు కలవకపోవడం వల్ల తలనొప్పి అనేదానికి తలనొప్పుల అంతర్జాతీయ వర్గీకరణలో కూడా చోటు ఉంది. అయితే పెద్దవాళ్ళలో దీనికి ఆధారాలు ఇంకా తక్కువనీ అందులోనే రాశారు. కాబట్టి ప్రతి తలనొప్పికీ ఇదే కారణమని చెప్పి ఖరీదైన అద్దాలు అమ్మేవాళ్ళు కనిపిస్తే, ముందు కొలతలు కాగితం మీద రాసివ్వమని అడగండి.

వేళచ్చేరి_నెల్లూరమ్మాయి:

అందరికీ చాలా థాంక్స్ అండీ. ఆలస్యంగా రాస్తున్నాను, ఫలితం చూసి చెబుదామని ఆగాను.

స్క్వింట్ విభాగంలో చూపించుకున్నాను. గూడూరు అన్నయ్య చెప్పినట్టే చుక్కలు తర్వాత వేయమని ముందే చెప్పాను. ఎర్ర గాజు పెట్టి లైటు చూపించగానే గీత లైటుకు పైన కనిపించింది. అంత తేడా ఉందని నేను ఊహించలేదు. ఒక కన్ను రెండో దానికంటే కొద్దిగా పైకి జారుతోందట, 2 ప్రిజంలు. డాక్టరు గారు నా ఏడో తరగతి గ్రూప్ ఫోటో పెద్దది చేసి చూశారు. అందులోనూ తల కుడి వైపే వంగి ఉంది. పాతదేనమ్మా, భయం లేదన్నారు.

అద్దాలను మిషన్ కింద పెట్టి సిరా చుక్క పెట్టారు. మళ్ళీ పెట్టుకుని అద్దంలో చూస్తే ఎడమ చుక్క నా కనుపాప మీద కాకుండా కింది రెప్ప దగ్గర ఉంది. కుడి చుక్క సరిగ్గానే ఉంది. ఆ షాపు పేరు రాయను, ఇప్పుడు గొడవ పడి లాభం లేదు.

చిన్న ఫ్రేమ్ తీసుకుని, మధ్యబిందువులు సరిచేయించి, 1 ప్రిజం కలిపి అద్దాలు వేయించాను. కలిపేముందు పరీక్ష ఫ్రేమ్‌లో ఆ ప్రిజం పెట్టి అరగంట కూర్చోబెట్టారు, ఒక పత్రిక ఇచ్చి చదవమన్నారు. వరసలు జారలేదు. మొదటి వారం నేల వంపుగా ఉన్నట్టు అనిపించింది, తర్వాత పోయింది. కాగితాలకు స్టాండు కొనుక్కుని మానిటర్ ఎత్తులో పెట్టుకున్నాను. సాయంత్రం తలపోటు చాలావరకు తగ్గింది. నెలసరి ముందు వచ్చే తలనొప్పి మాత్రం అలాగే ఉంది. అది వేరే అని న్యూరాలజిస్టు గారే చూస్తున్నారు.

రెండు ప్రశ్నలు. తేడా 2 ఉంటే 1 మాత్రమే ఎందుకు ఇచ్చారు? ఇంకోటి, మా బాబు మూడో తరగతి. టీవీ చూసేటప్పుడు వాడూ తల ఒక పక్కకు వంచుతున్నాడు. వాడికీ చూపించాలా?

కంటిపరీక్ష_గూడూరు:

చాలా సంతోషం అండీ. ఉన్న తేడా మొత్తానికీ ప్రిజం ఇస్తే మెదడు సర్దుకునే పని మానేసే అవకాశం ఉంది. కొందరిలో ఇచ్చిన ప్రిజానికి అలవాటు పడిపోయి, కొన్నాళ్ళకు తేడా ఇంకా పెరిగినట్టు కనిపిస్తుంది. అందుకే బాధ తీరేంత, అంతే ఇస్తాం. కొన్ని నెలలకు మళ్ళీ కొలిపించుకోండి. ఫ్రేమ్ ముక్కు మీద నుంచి జారుతుంటే బిగింపించుకోండి, లేకపోతే సరిచేసిన మధ్యబిందువు మళ్ళీ కిందికి పోతుంది.

బాబుకు తప్పకుండా చూపించండి, అద్దాల షాపులో కాదు, మీరు వెళ్ళిన విభాగంలోనే. పిల్లలు తల వంచడానికి కంటి కండరమే కాదు, మెడ కండరం, పవర్ కూడా కారణం కావొచ్చు. టీవీ చూస్తున్నప్పుడు వాడికి తెలియకుండా ఒక వీడియో తీసి ఉంచుకోండి, ఆసుపత్రిలో పిల్లలు తల నిటారుగా పెట్టేస్తారు. కంటి మీద చేయి అడ్డం పెడితే తల వంపు పోతుందేమో కూడా ఇంట్లో చూడండి. పిల్లలకు పవర్ చూడాలంటే చుక్కలు తప్పవు. మర్నాడు దాకా పుస్తకం మసకగా కనిపిస్తుంది కాబట్టి అపాయింట్‌మెంట్ శనివారం పెట్టుకోండి, సోమవారం బడికి ఇబ్బంది ఉండదు.